ఉపాధ్యాయుని సరిహద్దు ప్రయాణము: న్యూ సెటిల్‌మెంట్ నేర్పు పాఠము

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణములో రైల్వేవారు నిర్మించిన నివాస ప్రాంతములలో న్యూ సెటిల్‌మెంట్ ఒకటి. ఉదయము వేళ ఆ క్వార్టర్ల వరుసల వెంట నడచినచో ఒక గుమ్మము ముందు తెలుగు, దాని ప్రక్కన బెంగాలీ, మరికొంత దూరమున హిందీ, ఒడియా వినిపించును. ఇచ్చటి తెలుగు కుటుంబములలో అనేకము మూడు నాలుగు తరములుగా ఈ పట్టణమునే తమ ఊరుగా భావించుచున్నవి. తాత వర్క్‌షాపులో ఫిట్టరు, తండ్రి గార్డు, కుమార్తె ఉపాధ్యాయిని అయిన ఇండ్లు ఇచ్చట అరుదు కావు. నేడు ఆ కుమార్తె విదేశములో పాఠములు చెప్పుటకు పిలుపు అందుకొన్నచో, తాత ఎన్నడును ఎరుగని ఒక కొత్త ప్రశ్న ఎదురగును. ఆ ప్రశ్న పేరు సరిహద్దు. దానిని దాటుటకు ఏయే అనుమతులు కావలెను, ఏ వరుసలో పొందవలెను, ఎచ్చట మోసపోవు ప్రమాదము కలదు అను విషయములను ఈ వ్యాసములో పరిశీలింతము.

రైలు దారి తెచ్చిన భాష

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 1900 ప్రాంతమున ఖరగ్‌పూర్ ఆ కంపెనీకి ముఖ్యమైన జంక్షన్‌గా రూపొందినది. ఇచ్చట పెద్ద వర్క్‌షాపు వెలసినది. 1902లో కటకము, వాల్తేరుల నడుమ గల తూర్పు తీరపు రైలు మార్గము కూడ అదే కంపెనీ అధీనమునకు వచ్చినది. ఈ విధముగా ఉత్తరాంధ్ర ప్రాంతమునకును, ఖరగ్‌పూరునకును ఒకే యజమాని క్రింద ఒకే దారి ఏర్పడినది. పొలము చాలని కుటుంబముల యువకులు ఆ దారి వెంట పనికి వచ్చిరి. తరువాత కాలమున భారత రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరి ఆ రైల్వే కార్మిక సంఘమునకు నాయకత్వము వహించిరి. 1927లో జరిగిన ఖరగ్‌పూర్ కార్మికుల సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో ప్రసిద్ధమైనది.

కార్మికుని వెనుక ఉపాధ్యాయుడు వచ్చెను. పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుటకు ఆంధ్ర ప్రాంతము నుండి వచ్చిన ఉపాధ్యాయునకు ఒక రైలు టిక్కెట్టు చాలినది. స్వాతంత్ర్యానంతరము ఈ సౌకర్యము హక్కుగా మారినది. రాజ్యాంగములోని 19వ అధికరణము ప్రతి పౌరునకు దేశమంతట సంచరించుటకు, ఏ ప్రాంతముననైనను నివసించుటకు, వృత్తి చేసికొనుటకు హక్కు ఇచ్చుచున్నది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనా సౌకర్యము కల్పించు బాధ్యతను రాష్ట్రములపై ఉంచినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించుటకు ఆమోదము తెలిపినది. విజయనగరమున చదివి ఖరగ్‌పూరున బోధించు వ్యక్తి పరభాషా ప్రాంతమునకు వచ్చినను పరదేశమునకు రాలేదు. ఈ భేదము మనకు ఎంతో సహజముగా తోచును. అందువలననే దాని విలువ తరచుగా మన దృష్టికి రాదు.

సరిహద్దు పుట్టిన నాడు

ఆ విలువను తెలుగువారికి కఠినముగా బోధించిన దేశము బర్మా. గోదావరి, విశాఖ ప్రాంతముల నుండి వేలాది మంది ఓడలపై రంగూనునకు వెళ్ళి పని చేసిరి. అప్పుడు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రము. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశము నుండి వేరు చేయబడినది. 1941లో రెండు ప్రభుత్వముల మధ్య జరిగిన వలస ఒప్పందము అనుమతి లేని రాకపోకలను అడ్డగించుటకు ఉద్దేశింపబడినది. అదే సంవత్సరము డిసెంబరులో యుద్ధము రంగూనును తాకినది. లక్షలాది భారతీయులు, వారిలో ఎందరో కాలినడకన, స్వదేశమునకు తిరిగి వచ్చిరి. సముద్రము మారలేదు, ఓడ మారలేదు, చేయు పని మారలేదు. మారినది చట్టము మాత్రమే. నిన్నటి వరకు స్వంత ఊరివలె ఉన్న చోటు ఒక సంతకముతో పరదేశము కాగలదని ఆ తరము తెలిసికొన్నది.

నాలుగు వేర్వేరు అనుమతులు

విదేశములో బోధించు వ్యక్తికి సాధారణముగా నాలుగు అనుమతులు అవసరమగును. వీనిని ఒకటిగా భావించుటయే అనేక కష్టములకు మూలము.

మొదటిది పాస్‌పోర్టు. ఇది స్వదేశము ఇచ్చునది. విదేశ ప్రయాణము వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సర్వోన్నత న్యాయస్థానము 1967లో తీర్పు చెప్పినది. అదే సంవత్సరము పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టమును చేసినది. 1978లో మేనకా గాంధీ వ్యాజ్యములో ఆ న్యాయస్థానము ఈ స్వేచ్ఛను మరింత దృఢపరచినది. కాని ఈ హక్కు మన దేశపు తలుపు తెరచునది మాత్రమే.

రెండవది వీసా. ఇది అవతలి దేశపు తలుపు తెరచునది. ఏ ప్రయోజనము కొరకు ఇచ్చిరో ఆ ప్రయోజనమునకు మాత్రమే అది చెల్లును.

మూడవది పని చేయుటకును, నివసించుటకును అనుమతి. అనేక దేశములలో ఇది ఒక నిర్దిష్ట యజమాని పేరుతో ముడివడి ఉండును. పాఠశాల మారినచో అనుమతి కూడ మారవలెను.

నాలుగవది బోధనా అర్హత. వైద్యునివలె ఉపాధ్యాయుడు కూడ అనేక దేశములలో ప్రత్యేక గుర్తింపు పొందవలెను. వీసా లభించినంత మాత్రమున తరగతి గదిలో అడుగు పెట్టు అర్హత లభించినట్లు కాదు.

రైల్వే కుటుంబముల వారికి ఈ భేదము సులభముగా బోధపడును. ఖరగ్‌పూర్ స్టేషనులోని 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారము చాల సంవత్సరములు ప్రపంచములో అతి పొడవైనదిగా పేరు పొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి. అంత పొడవైన ప్లాట్‌ఫారముపై ఎంతసేపు నడచినను ప్లాట్‌ఫారము టిక్కెట్టుతో రైలు ఎక్కుటకు వీలులేదు. సందర్శక వీసా అటువంటి ప్లాట్‌ఫారము టిక్కెట్టు. “ముందు సందర్శక వీసాపై రండి, పని అనుమతి తరువాత చూచుకొందము” అను మాట విన్నప్పుడు ఉపాధ్యాయుడు ఈ పోలికను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ వీసాపై పని చేసిన వ్యక్తి ఆ దేశపు చట్టము దృష్టిలో అపరాధి అగును. జీతము ఇవ్వకపోయినను ఫిర్యాదు చేయుటకు వెనుకాడవలసిన స్థితి ఏర్పడును. జరిమానా, దేశ బహిష్కరణ, పునఃప్రవేశ నిషేధము కూడ సంభవింపవచ్చును.

పేరు, చిరునామా, ధ్రువపత్రము

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసికొందము. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టరులో పెరిగిన ఒక గణిత ఉపాధ్యాయిని ఉన్నది. ఆమె మాధ్యమిక పరీక్ష పశ్చిమ బెంగాల్ బోర్డులో ఉత్తీర్ణురాలైనది. పట్టభద్రత మేదినీపూర్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయములో, బి.ఎడ్. విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయములో పొందినది. ఆమెకు గల్ఫ్ దేశమొకదానిలో ఒక పాఠశాల ఉద్యోగము ఇవ్వజూపినది.

ఆమెకు ఎదురగు మొదటి చిక్కు స్వంత పేరే. తెలుగువారు ఇంటిపేరును ముందు, తరచుగా ఒక పొడి అక్షరముగా వ్రాయుదురు. పాస్‌పోర్టులో ఇంటిపేరునకు, స్వంత పేరునకు వేర్వేరు గడులు ఉండును. బడి పత్రములో పొడి అక్షరము, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్నచో రెండును ఒకే వ్యక్తివి అని నిరూపింపవలసి వచ్చును. బెంగాలీ లిపిలో ‘వ’కారమునకు తరచుగా ‘భ’కారము వ్రాయుదురు. ఆ కారణముచే వేంకటలక్ష్మి ఒక పత్రములో భేంకటలక్ష్మి కావచ్చును. దానిని ఆంగ్లములోనికి మార్చినప్పుడు భేదము మరింత పెరుగును. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుపై సందర్శకులుగా వచ్చువారిని అనుమతింపబోమని 2022 నవంబరులో ఐక్య అరబ్ ఎమిరేట్లు ప్రకటించినది. కావున పేరు సవరణ ప్రయాణమునకు ముందు చేయవలసిన పనులలో మొదటిది. పదవ తరగతి పత్రము, పట్టా, పాస్‌పోర్టు, వివాహ పత్రము ప్రక్కప్రక్కన ఉంచి అక్షరము అక్షరము సరిచూడవలెను.

రెండవ చిక్కు చిరునామా. రైల్వే క్వార్టరు ఉద్యోగముతో వచ్చునది, పదవీ విరమణానంతరము కొన్ని నెలలలో విడువవలసినది. తండ్రి విశ్రాంతి తీసికొనిన పిమ్మట ఆమె పాస్‌పోర్టులోని చిరునామాలో మరొక కుటుంబము నివసించును. పోలీసు విచారణకు గాని, తపాలాలో వచ్చు పత్రములకు గాని ఆ చిరునామా ఉపయోగపడదు. తాతగారి గ్రామములో ఆమె పేరు ఎరిగినవారు ఉండకపోవచ్చును. అందుచేత క్వార్టరు ఖాళీ చేయుటకు ముందే కొత్త చిరునామాను అన్ని పత్రములలో నమోదు చేయించుట వివేకము.

మూడవది ధ్రువీకరణ. విద్యాపత్రము ఏ రాష్ట్రములో జారీ అయినదో ఆ రాష్ట్రపు అధికారుల వద్ద మొదట ధ్రువీకరింపబడుట సాధారణ క్రమము. మన ఉపాధ్యాయిని పట్టా కలకత్తాలోను, బి.ఎడ్. పత్రము ఆంధ్రప్రదేశ్‌లోను ఈ దశను దాటవలెను. తరువాత భారత విదేశాంగ మంత్రిత్వ శాఖ ముద్ర వేయును. 1961 నాటి హేగ్ ఒడంబడికలో భారతదేశము 2005లో చేరినది. ఆ ఒడంబడికలోని సభ్య దేశములకు వెళ్ళు పత్రములపై వేయు ముద్రను అపొస్టీల్ అందురు. ఆ తరువాత దౌత్య కార్యాలయపు సంతకము అవసరము ఉండదు. సభ్యత్వము లేని దేశమైనచో ఆ దేశపు దౌత్య కార్యాలయము కూడ ధ్రువీకరింపవలెను. సౌదీ అరేబియా 2022లోను, చైనా 2023లోను ఈ విధానములో ప్రవేశించినవి. కావున పదేండ్ల క్రిందట వెళ్ళిన బంధువు చెప్పిన పద్ధతి నేడు చెల్లకపోవచ్చును. బెంగాలీలోనో తెలుగులోనో ఉన్న పత్రములకు ప్రామాణికమైన ఆంగ్లానువాదము జతపరచవలసి ఉండును. ఈ దశలన్నింటికి వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. పాఠశాల తెరచు తేదీ మాత్రము ఎవరి కొరకు ఆగదు.

ఒక పరదేశము నుండి మరొక పరదేశమునకు

మొదటి ప్రయాణము కన్న రెండవ ప్రయాణము క్లిష్టమైనది. మన ఉపాధ్యాయిని గల్ఫ్‌లో నాలుగు సంవత్సరములు పని చేసి, బ్రిటన్‌లో ఉద్యోగము సంపాదించినది అనుకొందము. ఇప్పుడు ఆమె రెండు పరదేశముల చట్టములను, స్వదేశపు చట్టమును ఏకకాలమున పాటింపవలెను. ఇచ్చట పనుల వరుసయే రక్షణ.

మొదట, కొత్త దేశపు వీసా చేతికి రాకమునుపు పాత ఉద్యోగమునకు రాజీనామా ఇవ్వరాదు. నివాసానుమతి యజమానితో ముడివడి ఉన్న చోట రాజీనామా ఇచ్చిన నాటి నుండి గడువు లెక్క ప్రారంభమగును. అదే సమయమున పాత ఒప్పందములోని ముందస్తు నోటీసు నియమమును పాటింపవలెను.

రెండవది, అచ్చట ఉన్నప్పుడే పోలీసు సచ్ఛీల పత్రము తీసికొనవలెను. విద్యారంగములో పని చేయుటకు బ్రిటన్ వీసా కోరువారు, గత పదేండ్లలో పండ్రెండు నెలలు లేక అంతకు మించి నివసించిన ప్రతి దేశము నుండి ఇట్టి పత్రము సమర్పింపవలెను. అనగా ఆమె భారతదేశపు పత్రము, గల్ఫ్ దేశపు పత్రము రెండును చూపవలెను. దేశము విడచిన పిమ్మట వ్రేలిముద్రలు పంపి దూరము నుండి దానిని తెప్పించుట చాల శ్రమతో కూడిన పని.

మూడవది, పాఠశాల నుండి అనుభవ పత్రము పొందవలెను. అందులో బోధించిన తరగతులు, విషయము, తేదీలు స్పష్టముగా ఉండవలెను. 2023 ఫిబ్రవరి నుండి ఇంగ్లండు ప్రభుత్వము భారతదేశముతో సహా మరికొన్ని దేశముల ఉపాధ్యాయులకు అర్హతా గుర్తింపు కొరకు దరఖాస్తు చేసికొను మార్గమును విస్తరించినది. గణితము, విజ్ఞానము, భాషలు బోధించువారికి ఇది ముఖ్యముగా ఉపయోగపడును. అయినను గుర్తింపు వేరు, వీసా వేరు. వీసా కొరకు అనుమతి పొందిన పాఠశాల జారీ చేయు ప్రాయోజిత ధ్రువపత్రము అవసరము.

నాలుగవది, జీతపు బకాయి, సేవాంత చెల్లింపు, బ్యాంకు ఋణము, ఇంటి అద్దె, విద్యుత్తు లెక్కలు ముగింపవలెను. తీరని ఋణము విమానాశ్రయములో ప్రయాణమును ఆపగలదు. పిల్లలు ఉన్నచో వారి బదిలీ పత్రములు, టీకాల వివరములు తీసికొని అవసరమైనచో ధ్రువీకరింపజేయవలెను. చివరకు పాత నివాసానుమతిని సక్రమముగా రద్దు చేయించి, దాని ప్రతిని భద్రపరచవలెను. రద్దు కాని అనుమతి తరువాత చిక్కులు తెచ్చిపెట్టును.

అమెరికా సంయుక్త రాష్ట్రముల పద్ధతి ఇంకొక విధమైనది. జె-1 అను వినిమయ వీసాపై ఉపాధ్యాయులు మూడు సంవత్సరములు, పొడిగింపుతో మరి రెండు సంవత్సరములు బోధింపవచ్చును. ఇందుకు పట్టభద్రతయు, రెండు సంవత్సరముల బోధనానుభవమును ఉండవలెను. కొందరికి ఆ తరువాత రెండేండ్లు స్వదేశములో నివసింపవలెనను నిబంధన వర్తించును. దీనిని తెలియక ఇల్లు అమ్ముకొని కుటుంబముతో తరలిన వ్యక్తికి ఐదేండ్ల పిమ్మట మిగులునది ప్రశ్న మాత్రమే. తాత్కాలికమును తాత్కాలికముగా ఎరిగి వెళ్ళువారు నష్టపడరు.

మధ్యవర్తులు, రక్షణలు

భారతదేశమున 1983 నాటి వలసల చట్టము ప్రకారము విదేశోద్యోగములకు మనుష్యులను ఎంపిక చేయు ఏజెంటు ప్రభుత్వము వద్ద నమోదు కావలెను. ఆ చట్టము క్రింది నియమములు 2017లో సవరింపబడి, ఏజెంటు అభ్యర్థి నుండి తీసికొనదగిన రుసుమును 30,000 రూపాయలకు, దానిపై పన్నునకు పరిమితము చేసినవి. రశీదు లేకుండ లక్షలు కోరు వ్యక్తి ఈ నియమమును అతిక్రమించుచున్నాడు. వలసదారుల సంరక్షకుని కార్యాలయములు కలకత్తాలోను, హైదరాబాదులోను ఉన్నవి. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి వలస తనిఖీ నుండి మినహాయింపు ఉన్నందున ఉపాధ్యాయులు సాధారణముగా ఈ కార్యాలయమునకు పోవలసిన పని లేదు. కాని తనిఖీ లేదు అనగా ప్రమాదము లేదు అని అర్థము కాదు. చదివినవారు తమను ఎవరు మోసగింపగలరను ధీమాతో ఒప్పందమును చదువకుండ సంతకము చేయుట కలదు.

ఒప్పందములో జీతము, పని గంటలు, వసతి, సెలవులు, వైద్యము, తిరుగు ప్రయాణపు ఖర్చు, ఒప్పందము ముందుగా రద్దు అయినచో ఏమి జరుగును అను అంశములు వ్రాతపూర్వకముగా ఉండవలెను. పాస్‌పోర్టును యజమాని వద్ద విడువరాదు. 1967 నాటి చట్టము ప్రకారము పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి. దానిని తాకట్టు వస్తువువలె దాచుకొను అధికారము ఏ యజమానికిని లేదు. పరదేశము చేరిన వెంటనే భారత దౌత్య కార్యాలయములో పేరు నమోదు చేసికొనుట మంచిది. 2009లో ఏర్పాటు చేసిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఆపదలో ఉన్నవారికి దౌత్య కార్యాలయముల ద్వారా సహాయపడుచున్నది. 2015లో ప్రారంభమైన ‘మదద్’ అను వ్యవస్థ ద్వారా ఫిర్యాదులు పంపవచ్చును.

మన ఇంటికి వచ్చు ఉపాధ్యాయుడు

ఈ పాఠమునకు మరొక ముఖము కలదు. న్యూ సెటిల్‌మెంటునకు కొద్ది దూరముననే, హిజ్లీలో స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన శిబిరపు భవనములో 1951లో దేశపు మొదటి భారతీయ సాంకేతిక విద్యాలయము ప్రారంభమైనది. దాని తొలి అధ్యాపకులలో ఐరోపా నుండి వచ్చిన క్రౌస్, టిష్నర్ వంటివారు ఉండిరి. తెలుగు కార్మికుడు రైలు పాసుతో చేరిన ఊరికే వారు విదేశీయులుగా, మన ప్రభుత్వపు అనుమతితో చేరిరి. విదేశీయుల నమోదు, నివాసములను నియంత్రించిన 1939, 1946 సంవత్సరముల చట్టముల స్థానములో 2025లో వలసలు, విదేశీయుల చట్టము అమలునకు వచ్చినది. మన ఉపాధ్యాయినిని ఒక దేశము ప్రశ్నించినట్లే మన దేశమును తనయొద్దకు వచ్చువారిని ప్రశ్నించును. ఇది అవమానము కాదు. ప్రతి రాజ్యమునకు గల అధికారము. ఆ అధికారమును గౌరవించుచు, తన హక్కును విడువకుండ నడచుకొనుటయే సరిహద్దు దాటు ఉపాధ్యాయునకు కావలసిన విద్య.

ఖరగ్‌పూర్ వచ్చిన మొదటి తెలుగు కుటుంబములు వెంట తెచ్చుకొన్నవి కొన్ని వంటపాత్రలు, ఒక భాష. నేడు వెళ్ళువారు వెంట తీసికొని పోవలసినది పత్రముల కట్ట కూడ. ఆ కట్టలో ఒక అక్షరము తప్పినచో ఒక విద్యా సంవత్సరము పోవచ్చును. ఒక అసత్య వీసా వలన జీవితకాలపు పేరు పోవచ్చును. పిల్లలకు చేతివ్రాత దిద్దించు ఉపాధ్యాయుడు తన పత్రములను కూడ అంతే ఓర్పుతో దిద్దుకొనవలెను.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. విజయనగరము నుండి ఖరగ్‌పూరునకు వచ్చిన ఉపాధ్యాయునకు, ఖరగ్‌పూర్ నుండి విదేశమునకు వెళ్ళు ఉపాధ్యాయునకు చట్టము దృష్టిలో గల భేదమేమి?

2. పాస్‌పోర్టు, వీసా, పని అనుమతి, బోధనా అర్హత, ఇవి ఎవరెవరు ఇచ్చునవి? ఒకటి ఉండి మరొకటి లేనిచో కలుగు పరిణామములెట్టివి?

3. మీ విద్యాపత్రములను ప్రక్కప్రక్కన ఉంచి పేరు, పుట్టిన తేదీ సరిచూడుడు. భేదములు ఉన్నచో ఎవరి వద్ద సవరింపజేయవలెనో తెలిసికొనుడు.

4. 1937కు ముందును, తరువాతను బర్మాలోని తెలుగువారి స్థితిని పోల్చి ఒక పుట వ్యాసము వ్రాయుడు.